మా అమ్మ మంచం దాకా వచ్చిన సన్న చీమకు

సన్న చీమకు,

రాజమండ్రిలో ఒక మూడో అంతస్తు ఇంటి నుంచి రాయునది.

పడకగదిలో స్విచ్‌బోర్డు కింది అంచున ఉన్న సందులోంచి దిగి, గోడ వెంబడి మూలకు వచ్చి, నేల అంచు పలకల మీదుగా మంచం వైపు తిరిగే దారి నీది. ఆ మంచం మీద ఉన్న మనిషి మా అమ్మ. 82 ఏళ్ళు. మాఘమాసంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట ముద్దముద్దగా వస్తుంది. మింగడం కష్టం కాబట్టి ముక్కులోంచి వేసిన గొట్టంలో పాలు, పల్చటి రాగిజావ, పళ్ళరసం పోస్తున్నాం. ఎంత జాగ్రత్తగా పోసినా ఏదో ఒక పూట ఒక చుక్క దిండు మీద పడుతుంది. ఆ చుక్కే నిన్ను పిలిచింది.

నిన్ను తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నాలుగు నెలలుగా నీతో పడ్డ బాధ, నేను చేసిన తప్పులు, చివరికి తెలుసుకున్న సంగతులు నీ పేరు మీద బయటపెడితే, మంచాన పడ్డ మనిషిని చూసుకుంటున్న ఇంకో నలుగురు చదువుతారని రాస్తున్నాను.

చైత్రంలో ఒక తెల్లవారుజామున అమ్మ మూలుగు విని లేచాను. పక్క తిప్పే వేళ అయిందనుకుని లైటు వేశాను. దిండు గలీబు మీద లేత గోధుమరంగు దారం ఒకటి పడి ఉంది. తీసేద్దామని వేలు పెట్టబోతే దారం కదిలింది. వంగి చూస్తే అది నీ బారు. ఎండిన పాలమరక దగ్గర రెండు పాయలైంది. ఒక పాయ మరక చుట్టూ మూగింది. రెండోది అమ్మ భుజం కిందుగా, వీపు వెంబడి, నడుము దగ్గర పడకపుండుకు వేసిన కట్టు దాకా పోయింది. ప్లాస్టరు అంచు ఒకచోట లేచి ఉంది. అక్కడే లోపలికి దిగావు.

కట్టు విప్పి, సెలైన్ నీళ్ళతో కడిగి, తడి దూదితో ఒక్కొక్కటే తీశాను. 17 తీశాను. ఎందుకు లెక్కపెట్టానో నాకే తెలియదు. చేతులు వణుకుతుంటే ఆ లెక్క పట్టుకుని నిలబడ్డాను. అమ్మ ఎడమచెయ్యి కదులుతుంది గాని వీపు దాకా రాదు. ‘ఎప్పట్నించి కుడుతున్నాయమ్మా?’ అని అడిగాను. కళ్ళు మూసుకుంది.

ఏడు చేపల కథ నాకు చెప్పింది ఈ అమ్మే. చేప ఎండకపోవడానికీ, ఆవు మేయకపోవడానికీ, పిల్లాడు ఏడవడానికీ కారణం వెతుక్కుంటూ పోతే అందరికంటే చివర నువ్వుంటావు. నీ పుట్టలో వేలు పెట్టారు కాబట్టి కుట్టావు. చిన్నప్పుడు ఆ జవాబు విని నీదే న్యాయం అనుకున్నాను. ఇప్పుడూ అదే అనుకుంటాను. కానీ మా అమ్మ నీ పుట్టలో వేలు పెట్టలేదు. కుడిచేతి వేళ్ళు కదలడమే లేదు.

మాది కోనసీమలో ఒక పల్లె. పెంకుటిల్లు, ముందు అరుగు, వెనక పెరడు, పెరట్లో కొబ్బరిచెట్లు. అమ్మ చీకటితో లేచి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి ముగ్గేసేది. మామూలు రోజుల్లో ముగ్గురాయి పొడితో వేసినా, శుక్రవారాలు, పండగలు వస్తే బియ్యప్పిండే. ‘రాయి పొడి చీమలు తింటాయా?’ అనేది. ఎండ ఎక్కేసరికి ముగ్గు గీతలు అక్కడక్కడా తెగిపోయి, అరుగు పక్క పగుల్లోకి తెల్లటి పలుకులు నడిచిపోతూ ఉండేవి. ఆ పలుకుల కింద ఉన్నవి నీ బంధువులు. అమ్మ నాకు వాటిని చూపించి, అడుగు దాటించి నడిపించేది.

అలాగని ఇల్లు అప్పగించలేదు. బెల్లం కుండ, నేతి గిన్నె, పండక్కి వండిన అరిసెల డబ్బా నీళ్ళు పోసిన పళ్ళేల మధ్యలో ఉండేవి. ఆత్రేయపురం నుంచి ఎవరైనా పూతరేకులు తెస్తే అవీ ఆ నీళ్ళ మధ్యకే చేరేవి. వాకిట్లో నీకు పిండి, వంటింట్లో నీకు నీళ్ళగండి. ఆ ఏర్పాటులో నాకిప్పటికీ తప్పు కనిపించదు.

మా నాన్నకు చక్కెర వ్యాధి ఉందని మొదట చెప్పింది కూడా నీ జాతే. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, పెరట్లో నాన్న మూత్రానికి వెళ్ళే గోడ మూల చీమలు పట్టడం అమ్మ చూసింది. రెండు రోజులు చూసి, మూడోనాడు అమలాపురంలో డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. పరీక్ష చేస్తే నిజమే. ఈ జబ్బులో మూత్రానికి తీపి వస్తుందనీ, చీమలు చేరతాయనీ మన పాత వైద్యులు ఏనాడో గుర్తించారు. మధుమేహం అన్న పేరులోనే ఆ తీపి ఉంది. ఇంకో ఏడాది తెలియకపోతే నాన్న ఏమయ్యేవారో. ఆ రుణం నేను మరిచిపోలేదు. అందుకే నీతో మాట్లాడేటప్పుడు శత్రువు అనే మాట వాడలేకపోతున్నాను.

ఒక సంగతి దాచకూడదు. ముగ్గుపిండి పెట్టిన చేత్తోనే అమ్మ ధాన్యం గాదె చుట్టూ, వసారా గోడ వెంట గమాక్సిన్ పొడి చల్లేది. ఆ రోజుల్లో అందరిళ్ళలో అదే. బూజు పట్టినట్టుండే ఆ వాసన నాకింకా గుర్తు. చీమ మందంటే అదే, నల్లి మందంటే అదే. అసలు పేరు బీహెచ్‌సీ అనీ, నేలలో ఏళ్ళ తరబడి నిలిచిపోతుందనీ, పశువుల పాలలోకీ తల్లుల పాలలోకీ చేరుతుందనీ మాకెవరూ చెప్పలేదు. 1997 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో దాన్ని నిషేధించారు. అందులో పురుగును చంపే అసలు సరుకు లిండేన్. దాని తయారీ 2011లో, వాడకం 2013లో ఆగాయి. మేం పిల్లలం ఆ వసారాలోనే చాప వేసుకుని పడుకున్నాం. నీ మీద కోపంతో మనిషి తన పక్క కిందే ఏం చల్లుకోగలడో నేను చూసినదాన్ని.

చూసి కూడా అదే దారిన పోయాను. దిండు మీద నిన్ను చూసిన ఉదయమే బజారుకు వెళ్ళి స్ప్రే డబ్బా తెచ్చాను. అమ్మను హాల్లోకి మార్చి, కిటికీలు తెరిచి, స్విచ్‌బోర్డు సందులోకీ గోడ మీద బారు మీదా కొట్టాను. నిమిషంలో బారు రాలిపోయింది. తడిగుడ్డతో తుడిచేశాను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపట్టింది.

పదో రోజున వంటింట్లో సింకు పైన పలకల సందులో కనిపించావు. పన్నెండో రోజున స్నానాలగదిలో గీజరు స్విచ్చు దగ్గర. ఆ తర్వాత దేవుడి మందిరంలో, ప్రమిద పక్కన. ఈసారి మందు కొట్టే కంపెనీని పిలిచాను. వచ్చిన కుర్రాడు ఏ చీమ అని అడగలేదు. ఇల్లంతా కొట్టి, మూడు నెలల గ్యారంటీ అని కాగితం ఇచ్చి వెళ్ళాడు. జ్యేష్ఠం వచ్చేసరికి ఇంట్లో నీ దారులు ఏడు. కింది అంతస్తు ఆవిడ మెట్ల దగ్గర ఆపి, ‘మీ ఇంట్లోనూ సన్న చీమలు మొదలయ్యాయా అక్కయ్యా?’ అని అడిగింది. అప్పుడు నాకు గుండె జారింది. నా ఇంట్లోంచి నేనే నిన్ను ఆమె ఇంటికి తోలాను.

మా అన్నయ్య కూతురు వ్యవసాయ కళాశాలలో కీటకశాస్త్రం చదివింది. అమ్మను పలకరించడానికి ఫోను చేసినప్పుడు చెప్పుకుని ఏడ్చాను.

‘స్ప్రే కొట్టావా అత్తా?’ అంది.

‘కొట్టానే. రెండుసార్లు.’

‘ఇంక ముట్టుకోకు. ముందు అది ఏ చీమో చూడాలి. ఒకదాన్ని టేపుకు అంటించి తెల్లకాగితం మీద పెట్టు. నాయనమ్మ భూతద్దం ఉందిగా, దాన్ని కెమెరాకు అడ్డం పెట్టి ఫోటో తీసి పంపు.’

అమ్మ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఆ భూతద్దంతో పేపరు చదివేది. దానితో నిన్ను చూశాను. కుట్టేదానివిగానే తెలిసిన నిన్ను మొదటిసారి దగ్గరగా చూడటం అదే. 2 మిల్లీమీటర్లు ఉంటావేమో, నువ్వుగింజ కంటే చిన్న. ఒళ్ళంతా లేత పసుపు, పొట్ట చివర మాత్రం ముదురు మచ్చ. నడుము రెండు ముడులుగా ఉంది. మీసం మోచెయ్యిలా వంగి, చివర మూడు కణుపులు లావెక్కి గదలా ఉంది. ఫోటో చూసి అమ్మాయి, ‘అనుకున్నాను. ఫారో చీమ’ అంది. 1758లో లిన్నేయస్ అనే శాస్త్రవేత్త ఈజిప్టు రాజుల పేరు నీకు పెట్టాడట. శాస్త్రంలో మోనోమోరియం ఫారోనిస్. రోగుల పడకల దగ్గర నిన్ను చూసి భయపడటం మా ఇంటితో మొదలు కాదు. నీ ఒంటి మీద సాల్మొనెల్లా, స్టాఫిలోకాకస్, స్యూడోమోనాస్ లాంటి సూక్ష్మజీవులు ఉంటాయని, ఆస్పత్రుల్లో నువ్వు వాటిని మోసుకు తిరుగుతావని 1972లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కట్టులోంచి 17 చీమల్ని తీసిన నాకు ఆ మాట ఎలా తగిలిందో వేరే చెప్పనక్కర్లేదు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. చీమలన్నీ ఒకటే అనుకున్నాను ఇన్నాళ్ళూ. మన దేశంలో 800కు పైగా రకాలున్నాయి. ఇళ్ళలోకి వచ్చేవి వాటిలో కొన్నే, వాటి నడవడి ఒక్కోదానిది ఒక్కో తీరు.

రాత్రిపూట బెల్లం వాసనకు వచ్చే నల్లటి గండుచీమ బయట చెట్టు మొదట్లో నేలలో పుట్ట పెట్టుకుంటుంది. కరుస్తుంది గాని దానికి కొండి లేదు. గుమ్మం కింద సందు మూసి, తీపి గిన్నె మూత పెడితే దాని పని అయిపోయినట్టే. పొడుగు కాళ్ళతో, పొడవాటి మీసాలతో, దారీతెన్నూ లేనట్టు అటూ ఇటూ పరుగులు పెట్టే సన్న నల్లచీమ ఇంకోటి. తల నల్లగా, మిగతా ఒళ్ళు పాలిపోయి, నేల మీద తల ఒక్కటే కదులుతున్నట్టు కనిపించేది మరొకటి. దాన్ని వేళ్ళ మధ్య నలిపితే కుళ్ళిన కొబ్బరి వాసన వస్తుంది. ఇక నిప్పులా కుట్టే ఎర్రచీమ నేలలోది. గచ్చు పగుళ్ళలోంచి మట్టి పొడి పైకి తోసి కుప్ప పోసిందంటే అదే. కొందరికి దాని కాటుతో ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి ఆడనంత అవుతుంది. వాళ్ళను ఇంట్లో ఉంచుకుని చూడకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. పైచూపుకు నిన్నూ దాన్నీ ఒకటే అనుకుంటారు. భూతద్దం పెడితే దాని మీసం చివర గదకు రెండే కణుపులు.

మామిడిచెట్టు మీద ఆకులు కలిపి గూళ్ళు కుట్టే చీమ ఇంట్లోకి రాదు. కాయకోతకు ఎక్కినవాణ్ణి కొరికినా చెట్టుకు కాపలా అదే. ఒడిశాలో మయూర్‌భంజ్ ఆదివాసులు దానితో నూరే పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాని గూడు తగలబెట్టేవాళ్ళను చూస్తే నాకు బాధ.

తొలకరికి ట్యూబులైటు చుట్టూ రెక్కలతో మూగేవాటిని చూసి చీమలకు రెక్కలొచ్చాయనుకుంటారు. అవి ఎక్కువగా ఉసిళ్ళు, అంటే చెదపురుగులు. నాలుగు రెక్కలూ ఒకే పొడుగుంటే, నడుము సన్నం లేకుండా లావుగా ఉంటే, మీసం తిన్నగా ఉంటే చెద. ముందు రెక్కలు పెద్దవై, నడుము నొక్కినట్టుండి, మీసం వంగి ఉంటే చీమ. చెద అయితే తలుపు చట్రాల వైపు చూడాలి, పంచదార డబ్బా వైపు కాదు.

నువ్వు రెక్కలతో ఎగిరి రావు. నీ జతకట్టడం గూటిలోనే జరిగిపోతుంది. నీ గూటిలో ఒక రాణి కాదు, పదుల కొద్దీ, ఒక్కోసారి వందల కొద్దీ రాణులు ఉంటారు. వెచ్చగా, కాస్త చెమ్మగా ఉండే ఏ చీకటి సందైనా నీకు చాలు. గోడలో గుల్ల, స్విచ్‌బోర్డు వెనక, మడతపెట్టిన దుప్పట్ల మధ్య. మేనకోడలు చెప్పినదాంట్లో నన్ను పట్టి కుదిపింది ఇది: ఘాటు మందు తగలగానే నీ గూడు చావదు, చీలుతుంది. కొన్ని చీమలు గుడ్లనూ పిల్లపురుగుల్నీ నోట పట్టుకుని, రాణుల్ని వెంటబెట్టుకుని వేరే సందుకు లేచిపోతాయి. రాణి లేకపోయినా తెచ్చుకున్న పిల్లల్లోంచి కొత్త రాణిని పెంచుకుంటాయి. నా డబ్బా చేసిన పని అదే. ఒక గూడును ఏడు చేసింది.

పైగా గోడ మీద కనిపించే బారు నీ ఇంట్లో కొద్దిమందే. ఎక్కువమంది లోపలే ఉంటారు. బయట తిరిగేవాళ్ళు కడుపులో ఉన్న ప్రత్యేకమైన సంచిలో తీపిని నింపుకుని వెళ్ళి, ఇంట్లో వాళ్ళ నోళ్ళకు నోరు పెట్టి పంచుతారు. కూలీని కొడితే ఇల్లు పడదు, ఇంకో కూలీ వస్తాడు.

నీ దారుల గురించి విన్నది కూడా రాయాలి, ఎందుకంటే అది విన్నాక నిన్ను చూసే చూపు మారింది. నడుస్తూ నువ్వు వాసన గీత గీస్తావు. ఆ గీత పాయలుగా చీలే చోట సుమారు 50, 60 డిగ్రీల కోణం ఉంటుందనీ, దారిలో పడ్డ చీమ ఆ కోణాన్ని బట్టే ఇల్లు ఎటో తిండి ఎటో తెలుసుకుంటుందనీ 2004లో నేచర్ అనే శాస్త్ర పత్రికలో రాశారు. తిండి లేని పాయ మొదట్లో ‘ఇటు రావద్దు’ అని చెప్పే మరో వాసన కూడా పూస్తావని మరుసటి ఏడు అదే పత్రికలో వచ్చింది. ఆ తెల్లవారుజామున దిండు మీద నేను చూసిన చీలిక ఆ కోణంలోనే ఉందనుకుంటాను. ఎర్రటి కోపంలో తుడిచేశాను గాని, అది ఒకళ్ళకొకళ్ళు రాసుకున్న ఉత్తరం.

అందుకే జవాబు కూడా నీ దారిలోనే రావాలి, నీ చేతే ఇంటికి మోయించాలి. అమ్మాయి చెప్పిన మందు తేలికైనది. అర లీటరు గోరువెచ్చటి నీళ్ళు, 50 గ్రాముల పంచదార, 5 గ్రాముల బోరిక్ పొడి. క్యారమ్ బోర్డు మీద చల్లుకునే పొడి అదే, వెలిగారానికి తోబుట్టువు. నూటికి ఒక పాలు, అంతకు మించకూడదు. మోతాదు పెంచితే మోసేవాడు దారిలోనే పడిపోతాడు, లేదా రుచి చూసి వెనక్కి తిరుగుతాడు. ఆలస్యంగా పనిచేయడమే దాని గుణం. నీకు ఒకరోజు తీపి, ఒకరోజు నూనె, మాంసకృత్తులు కావాలి కాబట్టి, వేరుశనగపప్పు నూరిన ముద్దలో అదే పాళ్ళలో పొడి కలిపి పక్కన ఇంకో మూతలో పెట్టమంది. బోరిక్ పొడి చూడ్డానికి మెత్తటి ఉప్పులా ఉంటుంది. పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందని చోట, పేరు రాసిన సీసాలో, వంటింటి బయట పెట్టాలి. మా సీసా మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ‘విషం’ అని రాశాను. బలపంలా కనిపించే చీమల సుద్దముక్క ఇంట్లోకి తేవడం కూడా ఆ రోజే మానేశాను. మనవడు రెండేళ్ళవాడు, దొరికినదల్లా నోట్లో పెడతాడు.

సీసా మూతలో తడిపిన దూది పెట్టి, స్విచ్‌బోర్డు కింద నేల మీద నీ దారి పక్కనే ఉంచాను. అమ్మకు చెప్పి చేశాను. ‘పంచదారలో మందు కలిపి పెడుతున్నానమ్మా. నీకు ఇష్టం లేకపోతే తీసేస్తాను’ అన్నాను. జీవితమంతా నీకు బియ్యప్పిండి పెట్టిన మనిషి. చాలాసేపు నా మొహం చూసింది. తర్వాత ఒక్క మాట, తడబడుతూ అయినా స్పష్టంగా, ‘పెట్టు’ అంది.

పావుగంటలో మొదటి చీమ వచ్చింది. మూత చుట్టూ ఒకసారి తిరిగి, దూది అంచున మీసాలు ఆడించి, తలవంచి తాగి, వచ్చిన దారినే పోయింది. గంట తిరిగేసరికి మూత అంచంతా మీరే. ఒక్కటీ కదలకుండా, తలలన్నీ లోపలికి పెట్టి, కంటెలో పూసల్లా వరసగా తాగుతున్నారు. భూతద్దం పెడితే పొట్టలు ఉబ్బి, చారల మధ్య చర్మం సాగి, లోపలి నీళ్ళు లైటుకు మెరుస్తున్నాయి. నేను నేల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను. కొట్టి చంపినప్పుడు కలగని బాధ అప్పుడు కలిగింది. పెట్టిన అన్నంలో విషం ఉంది. ఇది నీకు చెప్పకుండా ఉండలేను. అయినా మళ్ళీ అదే చేస్తాను.

మొదటి మూడు రోజులు బారు రెట్టింపైంది. అమ్మను చూసుకునే ఆయా హడలిపోయి, ‘అమ్మగారూ, మందు పెట్టాక ఇంకా ఎక్కువయ్యాయండీ, తుడిచేస్తాను’ అని గుడ్డ తెచ్చింది. ఆపాను. ఎర దగ్గరి దారిని ఆ రోజుల్లో తుడవకూడదు. మిగతా చోట్ల సబ్బునీళ్ళతో వాసన గీత పోయేలా తుడిచాం. అన్నిటికంటే కష్టమైన పని ఇదే, చూస్తూ ఊరుకోవడం.

ఈలోగా మంచాన్ని కాపాడాలి కదా. గోడకు జానెడు దూరం లాగాం. నాలుగు కోళ్ళ కిందా వెడల్పు గిన్నెలు పెట్టి, నీళ్ళు పోసి, రెండేసి చుక్కలు సబ్బు ద్రావకం వేశాం. నీలాంటి తేలికపాటి ఒంటివాళ్ళు ఉత్త నీటి పొర మీద నడిచిపోగలరు, సబ్బు కలిస్తే మునుగుతారు. నీళ్ళు మూడు రోజులకోసారి మార్చాలి, లేకపోతే డెంగీ దోమ అందులోనే గుడ్లు పెడుతుంది. ఇంత చేసినా రెండో రాత్రి నువ్వు మంచం మీదకు వచ్చావు. టార్చి వేసి వెతికితే దోమతెర కొస నేలకు తగులుతోంది. అదీ వంతెన. దుప్పటి అంచు, మూత్రపు గొట్టం, ఫోను చార్జరు తీగ, ఏది నేలకో గోడకో ఆనినా వంతెనే. గొట్టంలో పాలు పోశాక మంచినీళ్ళు పోసి కడగడం, మూతి తుడవడం, చుక్క పడ్డ గలీబును ఆ పూటే మార్చడం అలవాటు చేసుకున్నాం. పుండు కట్టు అంచులు నాలుగువైపులా అంటుకున్నాయో లేదో రోజుకు మూడుసార్లు చూశాం.

కింది అంతస్తు ఆవిడకూ రెండు మూతలు ఇచ్చాను. స్ప్రే డబ్బా అటక మీద పెట్టించాను. అపార్ట్‌మెంటులో ఒక ఇంటివాళ్ళు ఎర పెట్టి, పక్కింటివాళ్ళు స్ప్రే కొడితే రెండూ వృథా. గోడలు మనకు హద్దులు గాని నీకు కావు. ఆమె ఒప్పుకుంది. మేడ మీదివాళ్ళకు నచ్చచెప్పడానికి ఇంకో వారం పట్టింది.

గుడ్డు చీమగా మారడానికి 5, 6 వారాలు పడుతుంది. కాబట్టి బారు కనబడటం మానేసినా ఎర మాననివ్వలేదు మేనకోడలు. రెండో వారానికి వంటింటి దారులు పోయాయి. నాలుగో వారానికి స్నానాలగది. అందరికంటే ఆఖరున పడకగది స్విచ్‌బోర్డు. ఏడో వారం మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్ చేత బోర్డు విప్పించాను. వెనక పెట్టెలో ఒక మూల చారెడు కూడా లేని పొడి, ఎండిన నూకలాంటిది. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. అతను ఊదబోతే వద్దని, కాగితంలోకి ఎత్తి, కింద కొబ్బరిమొక్క మొదట్లో పోసి వచ్చాను. తర్వాత ఆ సందును తెల్ల సిమెంటుతో పూడ్పించాం.

అమ్మ పుండు మానుతోంది. ఇంకా గొట్టంతోనే తింటోంది. శ్రావణమాసం మొదటి శుక్రవారం, చాలా ఏళ్ళకు, మూడో అంతస్తు గుమ్మం ముందు బియ్యప్పిండితో నాలుగు చుక్కల ముగ్గు వేశాను. ఎవరు వచ్చినా అక్కడి దాకానే. గుమ్మం కింద సందు మూసి ఉంది.

నీ పేరు మీద రాసిన ఈ ఉత్తరం చదువుతున్న మనుషులకు ఒక మాట. మీ ఇంట్లో మంచాన పడ్డవాళ్ళు గాని, కదల్లేని పసిబిడ్డ గాని ఉంటే, ఈ రాత్రి అందరూ పడుకున్నాక ఒక్కసారి టార్చి వేసి దిండు కింద, కట్టు అంచున, మంచం కోళ్ళ వెంట చూడండి. చీమ కనిపిస్తే స్ప్రే డబ్బా తీయకండి. ముందు ఒకదాన్ని తెల్లకాగితం మీద పెట్టి, అది ఏ చీమో చూడండి.

ఇట్లు,
ఒక కూతురు, రాజమండ్రి